తేట నీళ్ళు

టెక్సస్ రాష్ట్రంలో, డాలస్‌కు ఉత్తరాన తెలుగువాళ్ళు ఎక్కువగా ఉండే ఒక పేటలో ఒక ఇంజనీరు కాపురం ఉండేవాడు. పుట్టింది భీమవరం పక్క పల్లెలో. చుట్టూ చెరువులే, సముద్రమూ ఎంతో దూరం కాదు. కానీ గోదావరి తెచ్చి కలిపే ఒండ్రుతో ఆ తీరంలో నీళ్ళు ఎప్పుడూ మట్టిరంగులోనే ఉంటాయి. పెళ్ళయ్యాక హవాయి వెళ్ళి, నోట్లో గొట్టం పెట్టుకుని ఈతకు దిగినప్పుడు మొదటిసారి సముద్రం అడుగుదాకా చూశాడు. పగడాలు, పసుపుపచ్చ చేపలు, ఇసుక మీద కదిలే ఎండ. అందరికీ చేపలు గుర్తుంటాయి. ఇతని మనసులో నిలిచిపోయింది మాత్రం నీళ్ళ తేట. ఆ తేటను తన ఇంటి హాల్లో నిలబెట్టుకోవాలన్నది అతని కోరిక. సొంత ఇల్లు కొన్నాక పని మొదలుపెట్టాడు.

8 అడుగుల పొడవు, 2 అడుగుల వెడల్పు, 2 అడుగుల లోతు ఉన్న ట్యాంకు. నిండితే దాదాపు 900 లీటర్లు. నీళ్ళు, గాజు, రాళ్ళు, ఇసుక, కింద అలమరలో దాగి ఉండే సంపు అన్నీ కలిస్తే టన్ను దాటుతుంది. మేడ మీది చెక్క నేల అంత బరువు మోస్తుందో లేదోనని, కాంక్రీటు పలక మీద కట్టిన కింది హాల్లోనే చోటు చూశాడు. కుళాయి నీళ్ళను ఆర్వో మీదుగా, ఆ పైన రెజిన్ గొట్టాల మీదుగా పంపి, మీటరు సున్నా చూపించాకే పట్టేవాడు. లీటరుకు 35 గ్రాముల చొప్పున లెక్క కట్టి, 30 కిలోల పైచిలుకు సముద్రపు ఉప్పు అందులో కలిపాడు. నీళ్ళ సాంద్రత 1.025, వేడి 25 డిగ్రీలు. ఆవిరయ్యేది నీరే కానీ ఉప్పు కాదు కాబట్టి, తగ్గిన మేరకు మంచినీళ్ళు తనంతట తానే చేరేలా ఒక చిన్న పంపు పెట్టాడు. అలల కోసం రెండు వైపులా మోటార్లు, పగడాల కోసం నీలం పాలు ఎక్కువున్న ఎల్‌ఈడీ దీపాలు, నీళ్ళలోని జిడ్డును నురగగా మార్చి బయటికి నెట్టే స్కిమ్మరు. చేసిన పని ఏదీ చౌకగా చేయలేదు, తొందరగానూ చేయలేదు.

అదే వీధిలో ఒక డాక్టరుగారు ఉండేవారు. రిటైరైన తెలుగు పెద్దమనిషి. ఇరవై ఏళ్ళకు పైగా పగడాలు పెంచుతున్నారు. ఆయన ట్యాంకు చూడటానికి అంత అందంగా ఉండదు. వెనక గాజు నిండా ఊదారంగు సున్నపు పూత, రాళ్ళ సందుల్లో స్పాంజీలు, ఇసుకలో పురుగులు, రాత్రి టార్చి వేసి చూస్తే గాజు మీద పాకే నలకంత ప్రాణులు వేలల్లో ఉంటాయి. కొత్త ట్యాంకు పెడుతున్నాడని విని ఒక బకెట్టులో తమ ట్యాంకు రాయి ఒకటి, రెండు దోసిళ్ళ ఇసుక తీసుకుని వచ్చారు.

"ఇది వేసుకో బాబూ. ఇందులో ఉన్నవన్నీ పనివాళ్ళే."

ఇంజనీరు మర్యాదగానే వద్దన్నాడు. పాత రాయితో పాటు ఏమొస్తుందో చెప్పలేం. పగడాలను కుట్టి చంపే ఐప్టేసియా రావచ్చు, చేపల్ని పొంచి కొట్టే మాంటిస్ రొయ్య రావచ్చు, పరాన్నజీవుల గుడ్లు రావచ్చు. అందుకే అతను నేలలోంచి తవ్వి తీసిన ప్రాచీన పగడపు రాళ్ళు కొన్నాడు. ఎప్పుడో సముద్రం వెనక్కు తగ్గినప్పుడు ఒడ్డున మిగిలిపోయినవి, ఎండి తెల్లగా, ప్రాణం లేకుండా ఉన్నవి. వాటినీ ఆమ్లంలో కడిగి, కడిగి, ఆరబెట్టాడు. "నా ట్యాంకులోకి నాకు తెలియంది ఏదీ రాకూడదు అంకుల్" అన్నాడు. డాక్టరుగారు బకెట్టు తీసుకుని వెళ్ళిపోయారు.

ఇంజనీరు సీసాలోంచి బాక్టీరియా పోశాడు, దానికి మేతగా చుక్కలు లెక్కపెట్టి అమ్మోనియా వేశాడు. అమ్మోనియాను ఒక రకం బాక్టీరియా నైట్రైటుగా, మరో రకం ఆ నైట్రైటును నైట్రేటుగా మారుస్తాయి. ఆ రెండూ కుదురుకోవడానికి అయిదారు వారాలు పట్టింది. ఆ తర్వాత చేపలు, నత్తలు, చిన్న పగడాలు ఒక్కొక్కటే చేరాయి. కొత్త ట్యాంకులో రావలసిన గోధుమరంగు పూత ఇసుక మీద వచ్చింది. అది సిలికా తినే డయాటమ్‌ల పూత, నెల రోజులు ఓపిక పడితే దానంతట అదే పోతుంది. ఇంజనీరు ఓపిక పట్టలేదు. ఇసుకను గొట్టంతో పీల్చి కడిగాడు. ఫాస్ఫేటును పట్టి ఉంచే ఇనుప గుళికలు సంపులో పెట్టాడు. నీళ్ళు దిగే చోట బట్ట సంచులు కట్టి రోజూ మార్చాడు. చేపలకు మేత చిటికెడుకు తగ్గించాడు. ప్రతి ఆదివారం పరీక్ష చేసి కాగితం మీద రాసుకునేవాడు. నైట్రేటు సున్నా. ఫాస్ఫేటు సున్నా.

ఆ రెండు సున్నాలు అతనికి ఎంత సంతోషం ఇచ్చాయో! చూడటానికి వచ్చినవాళ్ళు అసలు నీళ్ళున్నాయా అని వేలు పెట్టి చూసేవారు.

అప్పుడు మొదలైంది. ఒక సాయంత్రం ఇసుక మీద చీమిడిలా సాగే గోధుమరంగు జిగురు కనిపించింది. దాని కొసల్లో గాలి బుడగలు. దీపాలు ఆరితే పలచబడేది, తెల్లారి దీపాలు వెలిగిన రెండు గంటలకు మళ్ళీ కమ్ముకునేది. ఇంజనీరు పీల్చి పారేశాడు. మర్నాటికి వచ్చేసింది. సగం నీళ్ళు మార్చాడు, రెట్టింపు వచ్చింది. మూడు రోజులు దీపాలు ఆర్పి దుప్పటి కప్పి ఉంచాడు. దుప్పటి తీసిన వారానికల్లా రాళ్ళన్నీ అదే. మరిన్ని గుళికలు, మరింత కడుగుడు. నత్తలు ఒకటొకటిగా వెల్లకిలా పడి చచ్చిపోసాగాయి. ఊదాగా వచ్చిన ఆక్రోపోరా పగడపు కొమ్మలు రంగు వెలిసి పాలిపోయాయి. ఎంత శుభ్రం చేస్తే అది అంత బలిసేది. ఎందుకో అతనికి అంతు చిక్కలేదు.

వేసవి ముందు తల్లిదండ్రులు వచ్చారు. తండ్రి రొయ్యల రైతు. తొంభైల్లో టైగర్ రొయ్య వేసి సంపాదించినవాడు, వైట్ స్పాట్ జబ్బులో పోగొట్టుకున్నవాడు. 2009లో వనామీ రొయ్యకు అనుమతి వచ్చాక మళ్ళీ గట్టెక్కినవాడు. గట్టు మీద నిలబడి చెరువు రంగు చూసి, అడుగున ఏం జరుగుతోందో చెప్పగల మనిషి. రెండు రోజులు ట్యాంకు ముందు కుర్చీ వేసుకుని చూశాడు కానీ నోరు విప్పలేదు. మూడోనాడు కొడుకును పిలిచాడు.

"ఏరా అబ్బాయ్, ఈ నీళ్ళలో ఏముంది?"

"ఏమీ లేదు నాన్నగారూ. చూడండి, అన్నీ సున్నా" అని కాగితం చూపించాడు.

"మరి ఏమీ లేని నీళ్ళలో ఏం బతుకుతాయి?"

కొడుకు పగడాలకు ఫాస్ఫేటు ఎక్కువైతే ఎముక సరిగా కట్టదనీ, నైట్రేటు ఎక్కువైతే నాచు పడుతుందనీ చెప్పబోయాడు. తండ్రి తల ఊపుతూ విన్నాడు. అవన్నీ అబద్ధమని అనలేదు.

"మనం చెరువు ఎండగట్టి, దున్ని, సున్నం చల్లి, నీళ్ళు పెడతాం కదా. పెట్టిన రోజు తేటగా ఉంటాయి. ఆ రోజు సీడు వదులుతామా? వదలం. తవుడూ బెల్లమూ పులియబెట్టి పోస్తాం. మందులు పెడతాం. నీళ్ళకి రంగు కట్టాలి. చెయ్యి ముంచితే మోచేతి దగ్గర కనపడకూడదు. అప్పుడు పిల్ల వేస్తాం. రంగు కట్టని నీళ్ళలో ఎండ అడుగుదాకా దిగిపోద్ది. అడుగున పనికిమాలిన నాచు లేస్తది. రొయ్యకి మేతా ఉండదు, నీడా ఉండదు. నీ పెట్టెలో ఇప్పుడున్నది అదే. ఊరు ఖాళీ చేసి తలుపులు తీసి పెట్టావు. దొంగలు దిగారు."

"రంగు కట్టకపోతే మీరేం చేస్తారు?"

"పక్కవాడి చెరువులో మంచి రంగుంటే నాలుగు డ్రమ్ములు తెచ్చి పోసేవాళ్ళం. వైట్ స్పాట్ వచ్చాక ఆ పని మానేశాం. ఇప్పుడు ఎవరి నీళ్ళు పడితే వాళ్ళవి తేం. ఆ చెరువు ఎలాంటిదో, ఏ జబ్బు చూసిందో తెలిసుండాలి."

ఆ సాయంత్రం ఇద్దరూ డాక్టరుగారి ఇంటికి వెళ్ళారు. కొడుకు ఒక చిన్న సీసాలో ఆ గోధుమ జిగురు పట్టుకెళ్ళాడు. డాక్టరుగారు ఒక చుక్క గాజు పలక మీద వేసి మైక్రోస్కోపులో చూసి, పక్కకు జరిగి అతన్ని చూడమన్నారు. కన్నీటి బొట్టు ఆకారంలో ఉన్న కణాలు, సన్నని దారానికి కట్టినట్టు ఒక చోటే గిర్రున తిరుగుతున్నాయి.

"ఆస్ట్రియోప్సిస్" అన్నారు డాక్టరుగారు. "డైనోఫ్లాజెలేట్. ఒక రకం సూక్ష్మజీవి. విషం ఉంటుంది, నీ నత్తలు అందుకే పోయాయి. నాచు, బాక్టీరియా, డయాటమ్‌లు చోటు పట్టుకుని ఉంటే ఇది మూలన పడి ఉంటుంది. వాటికి తిండి లేకుండా చేసి నువ్వే దీనికి చోటిచ్చావు. ఆకలికి మిగతావి చస్తాయి, ఇది చావదు. బాక్టీరియాను కూడా మింగి బతుకుతుంది."

తండ్రి అడిగాడు: "మీ ట్యాంకు ఇసుక తెచ్చుకోవచ్చా డాక్టరుగారూ? జబ్బులేమైనా చూసిందా?"

"మంచి మాట అడిగారు. నా దగ్గర ప్రతి చేపా ముందు విడి తొట్టెలో కొన్ని వారాలు ఉండి వచ్చిందే. జబ్బు చూసి చాలా ఏళ్ళయింది. ఒకటో రెండో ఐప్టేసియాలు మాత్రం ఉండొచ్చు. వాటిని తినే రొయ్యలు దొరుకుతాయి. అది పడదామనుకుంటేనే తీసుకెళ్ళండి."

తీసుకెళ్ళారు. రెండు దోసిళ్ళు కాదు, ఈసారి రెండు బకెట్లు. డాక్టరుగారు చెప్పిన వైద్యం ఇంజనీరు చేతులకు పడని వైద్యం. నీళ్ళు మార్చడం ఆపాలి. ఇనుప గుళికలు తీసేయాలి. చేపలకు మేత పెంచాలి. అప్పటికీ అంకెలు సున్నా దగ్గరే ఉంటే, నైట్రేటు, ఫాస్ఫేటు కొని మరీ పోయాలి. నైట్రేటు 5 నుంచి 10 పీపీఎం, ఫాస్ఫేటు 0.1 పీపీఎం దగ్గర నిలిచేదాకా ఆపకూడదు. ఆస్ట్రియోప్సిస్ రాత్రి పూట ఇసుక వదిలి నీళ్ళలోకి లేస్తుంది కాబట్టి, నీళ్ళు యూవీ దీపం మీదుగా వెళ్ళేలా ఏర్పాటు చేయాలి. ఇన్నాళ్ళు డబ్బు పోసి బయటికి నెట్టినదాన్నే ఇప్పుడు డబ్బు పోసి లోపలికి పోయవలసి వచ్చింది.

మొదటి నెలలో మార్పు కనిపించలేదు. రెండో నెలలో గాజు మీద పచ్చని పలచటి నాచు పొర వచ్చింది. ఇంజనీరు గీకడానికి బ్లేడు తీశాడు. తండ్రి చెయ్యి పట్టుకుని ఆపాడు. "రంగు కట్టిందిరా" అన్నాడు, పంట చేతికొచ్చినంత సంతోషంతో. ఆ పచ్చదనం తినడానికి కొత్త నత్తలు వచ్చాయి, అవి చావలేదు. గోధుమ జిగురు ఇసుకలో మచ్చలుగా విరిగి, ఆ మచ్చలు కూడా తగ్గుతూ వచ్చాయి. ఉండటానికి ఇచ్చిన ఆరు నెలల గడువు తీరి పెద్దవాళ్ళు విమానం ఎక్కేనాటికి ఆక్రోపోరా కొసలు మళ్ళీ ఊదారంగు తిరిగాయి. నీళ్ళు మునుపటి కంటే కొంచెం పసుపుగా ఉన్నాయి, కొంచెం నలకలున్నాయి.

ఇదీ కథ.

నీతి

తేటదనం ఖాళీ వల్ల రాదు, తినే నోళ్ళ వల్ల వస్తుంది. ఇంజనీరు హవాయిలో చూసిన నీళ్ళలో మురికి లేదనుకున్నాడు. అక్కడ మురికి పుడుతూనే ఉంటుంది. చేప విసర్జిస్తుంది, పగడం జిగురు కారుస్తుంది, చచ్చినవి కుళ్ళుతాయి. పుట్టిన మరుక్షణం దాన్ని అందుకునే ప్రాణి అక్కడ సిద్ధంగా ఉంటుంది. అందుకే మన కంటికి కనపడదు. అతను ఫలితాన్ని చూసి దాన్నే పద్ధతి అనుకున్నాడు. తినేవాళ్ళను పిలవకుండా తిండిని తీసేశాడు.

ఈ విషయం పెద్ద పెద్దవాళ్ళకూ చాలాకాలం చిక్కుముడిగానే ఉంది. పగడపు దిబ్బల నిర్మాణం మీద డార్విన్ 1842లో పుస్తకం వేశాడు. పోషకాలు దాదాపు లేని నీళ్ళలో ఇంత జీవరాశి ఎలా బతుకుతుందన్న ప్రశ్నను ఇప్పటికీ ఆయన పేరుతోనే పిలుస్తారు. జవాబులో ఒక పెద్ద ముక్క 2013లో వచ్చింది. డచ్ శాస్త్రవేత్త యాస్పర్ డి గూయ్ బృందం, పగడాలూ నాచూ నీళ్ళలోకి వదిలే కరిగిన పదార్థాన్ని చీకటి సందుల్లోని స్పాంజీలు పీల్చుకుంటాయనీ, పీల్చుకుని తమ ఒంటి కణాలను రాలుస్తాయనీ, ఆ రాలినదాన్ని పురుగులూ పీతలూ నత్తలూ తింటాయనీ చూపింది. డాక్టరుగారి రాళ్ళ సందుల్లో ఉన్నవి ఆ స్పాంజీలే. ఆమ్లంలో కడిగిన రాతికి సందులుంటాయి కానీ సందుల్లో ఎవరూ ఉండరు.

ఇంకో సంగతి చెప్పాలి, నాకు ఈ మొత్తం విషయంలో అన్నిటికంటే పెద్దగా అనిపించేది ఇదే. ఆ ట్యాంకును కమ్మినది డైనోఫ్లాజెలేట్. పగడం ఒంట్లో ఉండి, ఎండను తిండిగా మార్చి, దాని రోజువారీ శక్తిలో అధిక భాగం ఇచ్చే సూక్ష్మజీవి కూడా డైనోఫ్లాజెలేటే. ఒకే వంశం. ఒకటి ఇల్లు నిలబెడుతుంది, ఇంకొకటి కూలుస్తుంది. ఫాస్ఫేటును బొత్తిగా తీసేస్తే ముందు ఆకలికి మాడేది ఇల్లు నిలబెట్టేదే. నైట్రేటు ఉండి ఫాస్ఫేటు కరువైతే వేడికీ వెలుగుకీ పగడాలు త్వరగా తెల్లబడతాయని సౌథాంప్టన్ విశ్వవిద్యాలయంలో పగడాల మీద పనిచేసేవాళ్ళు కూడా 2013లోనే రాశారు. చెడును చంపాలని అన్నిటికీ తిండి ఆపితే, మొండిది మిగులుతుంది, సున్నితమైనది పోతుంది. ఇంటికీ, పాఠశాలకూ, ఊరికీ ఇది వర్తిస్తుందని నేను నమ్ముతాను. పిల్లవాడి రోజులోంచి పనికిరానివనుకున్న ఆటలన్నీ తీసేస్తే, ఆ ఖాళీలోకి వచ్చేది చదువే అయి ఉండదు.

ఇంజనీరును తప్పుపట్టి వదిలేయడం మాత్రం న్యాయం కాదు. అతని భయానికి ఆధారం ఉంది. తండ్రికీ అదే భయం ఉంది, వైట్ స్పాట్ నేర్పిన భయం. ఇద్దరికీ తేడా ఎక్కడంటే, కొడుకు ఆ భయంతో తలుపు మూశాడు, తండ్రి వచ్చేదాని ఊరూ పేరూ అడిగాడు. చేపకు విడి తొట్టె పెట్టడం ఇలా అడగడమే. రాయిని ఆమ్లంలో కడగడం మూయడం. వచ్చినదాంట్లో ఒకటో రెండో ఐప్టేసియాలు ఉంటాయని డాక్టరుగారు ముందే చెప్పారు, తీసుకెళ్ళేవాళ్ళు దానికి ఒప్పుకునే తీసుకెళ్ళారు.

రాళ్ళలోని ప్రాణులతో ట్యాంకు నడిపే ఈ విద్యను మొదట లోకానికి చెప్పినవాళ్ళలో జకార్తాకు చెందిన లీ చిన్ ఎంగ్ ఒకరు. సముద్రంలోంచి ప్రాణమున్న రాళ్ళూ నీళ్ళూ తెచ్చి, గాలి బుడగలు తప్ప పెద్ద యంత్రమేదీ లేకుండా పగడాలను బతికించిన తీరు 1961లో ఒక అమెరికన్ పత్రికలో రాశారు. ఫిల్టరు అంటే పెట్టె కాదు, రాయిలో కాపురమున్న ప్రాణులు అన్నది ఆయన పద్ధతి. తర్వాత బెర్లిన్‌లోని పెంపకందారులు దానికి స్కిమ్మరును, బలమైన దీపాన్ని కలిపారు. ఇప్పటి పగడాల (రీఫ్) ట్యాంకులు చాలావరకు ఆ దారిలోనివే.

అయితే ప్రాణమున్న రాళ్ళ కోసం సముద్రం మీద పడకూడదు. ఫిలిప్ గాస్ 1854లో అక్వేరియం మీద రాసిన పుస్తకం ఇంగ్లండులో ఎంత మోజు పుట్టించిందంటే, జనం బకెట్లతో తీరాలకు వెళ్ళి రాతి మడుగులు ఊడ్చేశారు. ఆయన కొడుకు ఎడ్మండ్ 1907లో ఆ నష్టాన్ని బాధతో రాసుకున్నాడు. మన దేశంలో రాతి పగడాలు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నాయి. పులికి ఎంత రక్షణో వాటికీ అంతే. మన్నార్ సింధుశాఖ నుంచో, లక్షద్వీప్, అండమాన్‌ల నుంచో పగడపు ముక్క తేవడం నేరం. హైదరాబాదులోనో విశాఖలోనో ఉండి ఈ కథ చదివి ఉత్సాహపడేవాళ్ళు ఇది ముందు తెలుసుకోవాలి.

వాళ్ళకు మంచినీటి అక్వేరియం ఉంది. అందులోనూ ఇదే బాక్టీరియా పని, ఇదే వారాల నిరీక్షణ. కొత్తగా పెట్టేవాళ్ళు, చేపలు ఆరోగ్యంగా ఉన్న పాత అక్వేరియం ఎవరింట్లో ఉందో కనుక్కుని, వాళ్ళ ఫిల్టరు స్పాంజి ఒకటి అడగండి. దాన్ని తడి ఆరకుండా తెచ్చి, క్లోరిన్ తీసేసిన కొత్త నీళ్ళలో పిండండి. నీళ్ళు మసకబారితే కంగారు పడి మార్చకండి, ఒకటి రెండు రోజుల్లో తేరుకుంటాయి. ఆ తర్వాత కూడా స్పాంజిని కుళాయి కింద పెట్టి కడగకండి. ఆ నీళ్ళలోని క్లోరిన్ మీరు అడిగి తెచ్చుకున్నవాటినే చంపుతుంది. అక్వేరియంలోంచి తీసిన నీళ్ళతోనే జాడించండి.